తొంభై ఆరు పేజీల రిజిస్టరు

"పెరుగు వేయమంటున్నాడు," అంది సుబ్బరత్నమ్మ.

మనోహర్ ఏమీ అనలేదు. కంచం ఒక అంగుళం ముందుకు జరిపాడు, అంతే. మూడు రోజులుగా కొడుకు చేసే ప్రతి కదలికకీ మాటలు వెతికి కోడలికి అందించే పని ఆవిడ తన మీద వేసుకుంది.

భువనేశ్వరి పెరుగు వేసింది.

"చాలంటున్నాడు."

"కనిపిస్తోంది అత్తయ్యా."

"కనిపిస్తే ఇంకా వంచుతావేంటమ్మా గిన్నె?"

పొద్దున పాసింజరు ఎక్కేముందు పెరుగన్నం తినడం మనోహర్ అలవాటు. కోపంలో కూడా ఆ అలవాటు మానలేదు. మానేసి ఉంటే బాగుండేదని భువనేశ్వరికి అనిపించింది. తినకుండా వెళ్లిన మనిషిని బతిమాలవచ్చు. తింటూ ఊరుకున్న మనిషిని ఏం చేయాలి?

మెమో ఫ్రిజ్ మీద ఉంది. ఫ్యాను గాలికి ఎగరకుండా దాని మీద సుబ్బరత్నమ్మ తన బీపీ మిషను పెట్టింది. కొత్తరేవు హైస్కూలు లెక్కల మాస్టారు మనోహర్ బోధన ఏడో తరగతి బి సెక్షనులో ముప్పై మందికి అర్థం కానట్టు "పాఠశాల రికార్డు ద్వారా తెలియుచున్నది" అని అందులో ఉంది. సోమవారం పదకొండింటికి బాపట్లలో విచారణకు రావాలి. ఆయనతో పాటు ఆ స్కూలు హెడ్మిస్ట్రెస్ కూడా సీలుతో సహా హాజరై, ఆ రికార్డు నిజమో కాదో రాసివ్వాలి.

ఆ హెడ్మిస్ట్రెస్ భువనేశ్వరి.

"దీనికింత ఆలోచనెందుకో నాకర్థం కాదు," అంది సుబ్బరత్నమ్మ. "అది చిత్తు పుస్తకం, అందులో రాసిందంతా ఊరికే రాసింది, నిజం కాదు, అని నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టు. వాడి మెడమీది కత్తి దిగిపోతుంది."

"నిజం కాదని ఎలా రాయను అత్తయ్యా?"

"నిజమైతే మాత్రం కొంప ముంచుకోవాలా?"

మనోహర్ కంచంలోనే చూస్తున్నాడు.

"ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు. వాడికి లెక్కలు రావని పేపరు మీద రాస్తారా! వాడికి లెక్కలు నేర్పింది ఎవరనుకున్నావు? నేను. ఈ తెనాల్లోనే, నా క్లాసులోనే. టీచరు కొడుకని ఒక దెబ్బ తక్కువ కొట్టలేదు, ఒకటి ఎక్కువే కొట్టాను. నిద్రలో లేపి భిన్నాలు అడిగినా గడగడా చెప్పేవాడు."

మనోహర్ లేచాడు. కంచంలో సగం అన్నం అలాగే ఉంది. చేయి కడుక్కుని, బ్యాగు తీసుకుని బయటికి వెళ్లిపోయాడు.

"చూశావా, ఎంత బాధపడుతున్నాడో," అంది తల్లి.

భువనేశ్వరి కంచం తీసింది. అతను లేచింది ఏ మాటకి? తను అన్నదానికి కాదు. తను ఆ చివరి రెండు నిమిషాలూ ఏమీ అనలేదు.

* * *

రేపల్లె పాసింజరులో ఆరేళ్లుగా వాళ్లది ఒకటే పెట్టె, కిటికీ పక్కన ఎదురెదురు సీట్లు. ఆమె పేపర్లు దిద్దుకునేది. అతను పత్రికలో అంకెల గళ్లు నింపేవాడు. వేమూరు వచ్చేసరికి అతని గళ్లు, భట్టిప్రోలు వచ్చేసరికి ఆమె పేపర్లు పూర్తయ్యేవి. ఆ తర్వాత కాసేపు మాట్లాడుకునేవారు.

ఇవాళ అతను రెండు పెట్టెలు ముందుకి వెళ్లి ఎక్కాడు.

జంపనిలో ఆకుకూరల బుట్టతో ఎక్కిన సీతారావమ్మ ఎదురుగా ఖాళీ సీటు చూసి బుట్ట అక్కడే పెట్టింది.

"సారేరీ?"

"ముందు పెట్టెలో ఉన్నారు. ఇక్కడ సీటు దొరకలేదు."

సీతారావమ్మ పెట్టె ఈ చివర్నుంచి ఆ చివరి దాకా చూసింది. మొత్తం తొమ్మిదిమంది ఉన్నారు.

"అవునులే, ఎక్కడ దొరుకుద్ది," అంది. "మా ఆయనైతే అలిగితే పక్క పెట్టెలో ఎక్కడమ్మా. ఒక స్టేషను ముందే దిగి ఇంటికి నడిచొచ్చేవాడు. కాళ్లు నొప్పెట్టి కోపం పోయేది. చదువుకున్నోళ్ల కోపానికి కాళ్లుండవు, కూర్చునే ఉంటది."

భువనేశ్వరి నవ్వింది. నవ్వు దానంతటదే వచ్చి, దానంతటదే ఆగిపోయింది.

తప్పు ఎక్కడ జరిగిందో ఆమెకి కచ్చితంగా తెలుసు. రోజు కూడా తెలుసు. జూలైలో ఒక శుక్రవారం.

రెండేళ్ల క్రితం ఆమె హెడ్మిస్ట్రెస్ అయినప్పుడు కొత్తరేవులో పన్నెండుమంది టీచర్లకి పన్నెండు తలుపులు ఉండేవి. ఒకరి తలుపు వెనక ఏం జరుగుతోందో ఇంకొకరికి తెలియదు. తెలుసుకోవడం మర్యాద కాదు. ఆమె మొదట తన తలుపు తీసింది. పదో తరగతి ఇంగ్లీషు క్లాసులో వెనక బెంచీ మీద సోషల్ మాస్టారు బర్నబాస్ గారిని కూర్చోబెట్టింది. పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో మాత్రం చీటీ మీద రాయమంది. టీచరు గురించి ఒక్క మాట కూడా రాయకూడదు, చీటీ మీద పేరు ఉండకూడదు. శుక్రవారం చివరి గంట తర్వాత సైన్సు ల్యాబులో అందరూ కూర్చుని చీటీలు చదవాలి. ఆ మీటింగుకి హెడ్మిస్ట్రెస్ పెద్ద కాదు. వారానికొకరు పెద్ద.

ఈ పద్ధతికి 'తోడు పీరియడు' అని పేరు పెట్టింది నాగలక్ష్మి. రెండేళ్ల క్రితం ఉద్యోగంలో చేరిన సైన్సు టీచరు. ఆ ఊరి చేపల వేట కుటుంబాల పిల్ల. "మా ఊళ్లో ఒంటరిగా ఎవరూ వేటకెళ్లరు మేడం. ఎంత పనిమంతుడైనా తోడు ఉండాలి," అంది.

మొదటి ఆరు నెలలూ అందరూ చీటీల మీద "అంతా బాగుంది" అని రాశారు. ఏడో నెలలో బర్నబాస్ గారు తన క్లాసు గురించి తనే రాసి తెచ్చారు. ఆ తర్వాత చీటీలు నిజం మాట్లాడటం మొదలుపెట్టాయి.

చీటీలు పోతున్నాయని ఒక పుస్తకం పెట్టారు. చేతిరాత బాగుంటుందని నాగలక్ష్మి వాటిని అందులోకి ఎత్తిరాసేది. కొత్త పుస్తకం తెచ్చిన రోజు, అంటే ఆ జూలై శుక్రవారం, భువనేశ్వరి దాన్ని తెరిచి పేజీలకి నంబర్లు వేయించింది. మొదటి పేజీ మీద, ఏమీ ఆలోచించకుండా, "ఈ రిజిస్టరునందు 1 నుండి 96 వరకు పేజీలు కలవని ధ్రువీకరించడమైనది" అని రాసి సంతకం పెట్టి, గుండ్రటి సీలు వేసింది.

ఏ పుస్తకం చేతికొచ్చినా ఏ హెడ్మాస్టరైనా చేసేది అదే. హాజరు పట్టీకి చేస్తారు, బియ్యం పుస్తకానికి చేస్తారు. చేయకపోతే తప్పు.

పోయిన నెల తనిఖీకి వచ్చిన అధికారి రికార్డులన్నీ టేబుల్ మీద పెట్టమన్నాడు. అటెండరు చిన్నయ్య సీలున్న పుస్తకాలన్నీ తెచ్చి పెట్టాడు. సీలు లేకపోతే అది ఒక వంద రూపాయల నోటుబుక్కు. సీలుంది కాబట్టి రికార్డు. నలభై ఒకటో పేజీలో ఇలా ఉంది: "ఏడు బి. భిన్నాలు. ముప్పై నలుగురిలో ముప్పైమంది బోర్డు మీది జవాబు ఎక్కించుకున్నారు. బోర్డు చెరిపాక నలుగురు చెప్పగలిగారు."

సీలు అలవాటుగా వేశానని అందరికీ చెప్పింది. తనకి కూడా అదే చెప్పుకుంది. కానీ సీలు నొక్కినప్పుడు మణికట్టులో ఒక చిన్న తృప్తి కలిగింది. అది ఇప్పటికీ గుర్తుంది. ఆ ల్యాబు బల్ల దగ్గర అందరూ సమానమని రెండేళ్లు చెప్పిన మనిషి లోపల ఇంకొక మనిషి ఉంది. ఇది నాది, నేను పెట్టింది, అని ముద్ర వేసుకోవాలనుకునే మనిషి. ఆ మనిషిని భువనేశ్వరి ఇన్నాళ్లూ చూడలేదు. చూడలేదా, చూడదలచుకోలేదా అన్నది ఇంకా తేలలేదు.

"దిగమ్మా, రేపల్లె," అంది సీతారావమ్మ. "ముందు పెట్టె సారు కూడా దిగారు. వెనక్కి చూశారు కూడాను. నువ్వే చూడలేదు."

* * *

స్టాఫ్ రూములో బర్నబాస్ గారు ఒక కాగితం ఇచ్చారు. ఆమె కన్నా వయసులో పెద్ద. ఇంకో రెండేళ్లలో రిటైరవుతారు. టీచర్ల సంఘంలో ఆయన మాటకి విలువ.

"పదిమందిమి సంతకాలు పెట్టాం మేడం. ఇకమీదట ఎవరూ ఎవరి క్లాసులోనూ కూర్చోరు. శుక్రవారం మీటింగు కూడా ఉండదు."

"ఎవరు పెట్టలేదు?"

"మనోహర్ గారు. అడిగితే పలకలేదు. నాగలక్ష్మి టీచర్ని మేం అడగలేదు."

ఆమె కాగితం చదివింది. బర్నబాస్ గారి సంతకం అందరికన్నా పైన, అందరికన్నా పెద్దదిగా ఉంది.

"మీ సంతకం ఎప్పుడూ ఇంత పెద్దగా పెట్టరు."

"కోపంలో పెట్టానండి."

"నా మీదేనా?"

"మరి? పరలోకమందున్న తండ్రి మీదా?" ఆయన కుర్చీ జరుపుకుని కూర్చున్నారు. "ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను మేడం. నా క్లాసులో నా గొంతు తప్ప ఇంకో గొంతు వినలేదు. మీరొచ్చి వినిపించారు. అది పనికిమాలిందైతే నాకు కోపమెందుకు? పనికొచ్చేది కాబట్టే కోపం."

ఆమె కాగితం మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

"సోమవారం బాపట్లలో ఏం రాసిస్తారు?"

"తెలియదండి."

"నేను చెప్తా వినండి. ఆ పుస్తకం చిత్తు, అబద్ధం అని రాసిచ్చారనుకోండి, మనోహర్ గారు బయటపడతారు. మంచిదే. కానీ మేం రెండేళ్లు సిగ్గు విడిచి రాసుకున్నదంతా అబద్ధమని మీ చేత్తో మీరు రాసినట్టు. నిజమే అని రాసిచ్చారనుకోండి, కట్టుకున్నవాణ్ణే కాపాడనావిడ మనల్నేం కాపాడుద్ది అంటారు వీళ్లంతా. ఏది రాసినా ఆ ల్యాబులోకి మళ్లీ ఎవరూ రారు."

"మీరు కూడానా?"

బర్నబాస్ గారు కళ్లజోడు తీసి తుడిచారు. తుడవాల్సిన దానికన్నా ఎక్కువసేపు తుడిచారు.

"ఆ పిల్ల అలా రాసుండాల్సింది కాదు," అన్నారు చివరికి. "ఆ పీరియడులో సారు క్లాసులో కూర్చుంది తనే. మూడో ఏడు సర్వీసుకే పెద్దాయన్ని బజారుకి లాగింది. ఊళ్లో పిల్ల, గవర్నమెంటు ఉద్యోగం, ఆ మాత్రం జంకు లేకపోతే ఎలా?"

"చీటీ మీద పేరుండదు కదండీ. తనే రాసిందని మీకెలా తెలుసు?"

"అందరికీ తెలుసు."

ఆ మాటకి భువనేశ్వరి అభ్యంతరం చెప్పలేదు. మూడు రోజులుగా ఆమె కూడా ఆ "అందరి"లో ఉంది.

* * *

మధ్యాహ్నం అన్నాల వేళ నాగలక్ష్మి ల్యాబులో ఒక్కతే కూర్చుని ఉంది. క్యారేజీ తెరిచి ఉంది. ముద్ద కలిపి ఉంది. తినడం లేదు.

"స్టాఫ్ రూములో తినట్లేదా?"

"నేను వెళ్తే అందరూ మంచినీళ్లకి లేస్తున్నారు మేడం. పాపం, అంతంత నీళ్లు తాగితే వాళ్ల ఆరోగ్యానికి మంచిది కాదని ఇక్కడికొచ్చేశా."

భువనేశ్వరి ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. ఆ అమ్మాయి మాటలో వెటకారం ఉంది.

"నాగలక్ష్మీ, నలభై ఒకటో పేజీ చీటీ నువ్వు రాశావా?"

"నేను ఎత్తిరాశా మేడం."

"అది తెలుసు. చీటీ ఎవరిది?"

"చీటీకి పేరుండదని మీరే పెట్టారు రూలు."

"నేనే అడుగుతున్నాను."

"రూలు పెట్టిన మేడం అడుగుతున్నారా, సారు భార్య అడుగుతున్నారా?"

ల్యాబు కిటికీ లోంచి ఎండు చేపల వాసన వస్తోంది. కొత్తరేవులో ఆ వాసన అందరూ పీలుస్తారు, ఎవరూ గమనించరు. భువనేశ్వరి ఇవాళ గమనించింది. జవాబు ఆలస్యం చేయడానికి మనసు ఎన్ని దారులు వెతుకుతుందో కూడా గమనించింది.

"ఎవరు అడుగుతున్నదీ నాకే తెలియట్లేదు," అంది.

నాగలక్ష్మి చేయి కడుక్కొచ్చింది. బీరువా అడుగు అర నుంచి ఒక చాక్‌పీసుల పెట్టె తీసింది. నిండా మడత పెట్టిన చీటీలు.

"ఎత్తిరాశాక పారేయమన్నారు. పారేయబుద్ధి కాలేదు."

వెతికి ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. విప్పలేదు.

భువనేశ్వరి విప్పింది. రెండు వాక్యాలే. చదవక ముందే చేతిరాత తెలిసింది. ఇరవై రెండేళ్లుగా సరుకుల చీటీల మీద, కరెంటు బిల్లుల వెనక, కొత్త సంవత్సరం డైరీల్లో చూస్తున్న చేతిరాత. 'ము'కి కొమ్ము కిందికి పొడుగ్గా లాగి వదిలేసే చేయి ఈ స్కూల్లో ఒకటే ఉంది.

"ఆయనా?"

"సారే మేడం. ఆ రోజు నేను వెనక బెంచీలో కూర్చున్నా. పాఠం అయిపోయాక సారు వచ్చి నా పక్కన కూర్చున్నారు. నువ్వెళ్లి బోర్డు చెరిపి వాళ్లని అడుగమ్మా, నేనిక్కణ్ణుంచి చూస్తా అన్నారు. చెరిపా. అడిగా. పిల్లలందరూ ఒకేసారి నోటుబుక్కుల్లోకి చూసుకున్నారు. వెనకనుంచి ఆయనకి ముప్పై నాలుగు తలలూ ఒకేసారి వంగడం కనిపించింది. ముందు నిల్చుంటే అది కనిపించదు మేడం. వాళ్లు మన మొహం చూసి తలూపుతారు."

"తర్వాత?"

"చీటీ రాసిచ్చి, ఎవరికీ చెప్పొద్దన్నారు. ఒట్టు వేయించుకున్నారు." నాగలక్ష్మి ఆగింది. "ముఖ్యంగా మేడంకి చెప్పొద్దన్నారు."

"ముఖ్యంగా," అంది భువనేశ్వరి.

"అవునండి."

"ఈ మూడు రోజులూ అందరూ నిన్ను అంటుంటే ఎందుకు ఊరుకున్నావు?"

"సారు మాట్లాడతారేమోనని చూశా. మాట్లాడలేదు. ఆయన మాట్లాడనప్పుడు నేనెలా మాట్లాడతాను? ఆయన రాసినట్టు రాయడం ఎంత కష్టమో నాకు తెలుసు మేడం. మా పిల్లలకి పట్టిన చేపల్లో పడవకో వాటా, వలకో వాటా, మనిషికో వాటా వేయడం పుట్టుకతో వచ్చు. మా చెల్లి నోటితోనే చెప్పేస్తది. అదే బోర్డు మీద గీత గీసి పైనొకటి, కిందొకటి రాస్తే నోరు పడిపోద్ది. ఈ సంగతి ఒక శుక్రవారం ఇక్కడ చెప్పా. అందరూ నవ్వారు. సారు మాత్రం రాసుకున్నారు."

గంట కొట్టారు. నాగలక్ష్మి క్యారేజీ మూసింది. ముద్ద అలాగే ఉండిపోయింది.

* * *

ఆదివారం భువనేశ్వరి రెండు కాగితాలు రాసింది.

ఒకదాంట్లో, సదరు పుస్తకం పాఠశాల రికార్డు కాదనీ, అందులోని అంశాలు ధ్రువపరచినవి కావనీ ఉంది. రెండోదాంట్లో, సదరు పుస్తకంలోని ప్రతి అక్షరం నిజమనీ, అది టీచర్లు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవడానికి రాసుకున్నదనీ, శిక్షకి పనికిరాదనీ ఉంది. రెండిటి కిందా సంతకం పెట్టింది. సంతకాలు రెండూ ఒకేలా ఉన్నాయి. అందుకు ఆమెకి కొంచెం ఆశ్చర్యం వేసింది.

సోమవారం పొద్దున సుబ్బరత్నమ్మ ఇద్దరికీ బొట్టు పెట్టి పంపింది. పరీక్షకి వెళ్లే పిల్లలకి పెట్టినట్టు.

"నీతో మాట్లాడతానంటున్నాడు," అంది కోడలి చెవిలో.

"అన్నారా?"

"అనలేదు. చొక్కా నీకిష్టమైంది వేసుకున్నాడు."

బాపట్ల వెళ్లే బండిలో జనం. ఎక్కేటప్పుడు వేర్వేరుగా ఎక్కినా, తోపులాటలో ఇద్దరూ వచ్చి ఒకే బల్ల చివర పడ్డారు. నిడుబ్రోలు దాటేదాకా ఇద్దరి భుజాలూ తగులుతూనే ఉన్నాయి.

"చీటీ చూశాను," అంది భువనేశ్వరి.

అతను కిటికీ వైపు చూస్తున్నాడు. "చెప్పనని ఒట్టు వేసింది," అన్నాడు. ఐదు రోజుల తర్వాత అతని గొంతు కొంచెం తుప్పు పట్టినట్టు ఉంది.

"ఆ పిల్లనేం అనకండి. మీ బదులు మాటలు పడుతోంది. మీరు చూస్తూ ఊరుకున్నారు."

"అవును."

"అవునంటే?"

"ఊరుకున్నాను. చెప్పడానికి నోరు రాలేదు. అది మంచి పని కాదని నాకు తెలుసు."

అప్పికట్లలో కొందరు దిగారు. జరిగి కూర్చోవచ్చు. ఇద్దరూ జరగలేదు.

"నాతో ఎందుకు చెప్పలేదు?" అంది. "బర్నబాస్ గారు అందరి ముందూ చెప్పారు. మీరు ఇంట్లో, నాకొక్కదానికి చెప్పలేకపోయారా?"

"చెప్తే ఏం చేసేదానివి?"

"సంతోషించేదాన్ని."

"అదే. సంతోషించేదానివి. శుక్రవారం మీటింగులో నా పేరు చెప్పకుండా నా గురించి చెప్పేదానివి. ఇదిగో, ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు ఉన్నవాళ్లు కూడా మారుతున్నారు అనేదానివి. నేను నీ స్కూలుకి ఉదాహరణ అయ్యేవాణ్ణి." అతను మొదటిసారి ఆమె వైపు తిరిగాడు. "నాకు ఇంకా ఏమీ తెలియలేదు భువనా. సగంలో ఉన్నాను. నువ్వు సగంలోనే సీలు వేసేస్తావు."

బండి కూత వేసింది. అతను అన్నది తప్పయితే ఆమెకి జవాబు వెంటనే దొరికేది.

* * *

విచారణ చేసే అధికారి గదిలో రెండు కుర్చీలు, ఒక బీరువా, నెమ్మదిగా తిరిగే ఫ్యాను ఉన్నాయి. అధికారి కఠినంగా లేడు. మంచినీళ్లు తాగమన్నాడు. తను కూడా పదిహేనేళ్లు ఫిజిక్స్ చెప్పానన్నాడు. రిజిస్టరు ఆయన ముందు తెరిచి ఉంది. నలభై ఒకటో పేజీ దగ్గర ఒక ఎర్ర చీటీ పెట్టి ఉంది.

"మేడం, ఇది మీ సీలేనా?"

"అవునండి."

"మీ సంతకమేనా?"

"అవునండి."

"అయితే నాకు ఒక్కటే కావాలి. ఇందులో రాసింది నిజమా, కాదా? నిజం కాదంటే రాసివ్వండి, ఇవాళే మూసేస్తాను. నిజమంటే అదైనా రాసివ్వండి. నేనూ టీచర్నే. ఎవర్నీ శిక్షించాలని నాకు సరదా లేదు. కానీ సీలున్న కాగితం చూసి చూడనట్టు ఊరుకోలేను."

భువనేశ్వరి హ్యాండ్‌బ్యాగు తెరిచింది. రెండు కాగితాలూ పక్కపక్కన ఉన్నాయి. సీలు వాటి మీద బరువుగా ఉంది. ఏ కాగితం మీద చేయి పడుతుందో చూద్దామన్నట్టు, తన చేతిని తనే ఎవరి చేతినో చూసినట్టు చూసింది.

"సార్," అన్నాడు మనోహర్. "అందులో ఒక తప్పుందండి."

అధికారి ముఖం తేలికపడింది. "చెప్పండి. ఆ మాటే కదా నాకు కావాల్సింది. ఏంటి తప్పు?"

"నలుగురు చెప్పగలిగారని ఉంది. నలుగురు కాదు, ఇద్దరు."

ఫ్యాను ఒక చుట్టు తిరిగింది.

"మీకెలా తెలుసు?"

"అది రాసింది నేనే. నాగలక్ష్మి టీచరు ఎత్తిరాసింది అంతే. మర్నాడు నేను ఒక్కణ్ణే వెళ్లి, లెక్క మార్చి, మళ్లీ అడిగాను. ఇద్దరికే వచ్చింది. మిగతా ఇద్దరూ ముందురోజు జవాబు కంఠస్థం చేశారు."

"ఆ రెండో రోజుది రిజిస్టరులో లేదే?"

"ఎవరికీ ఇవ్వలేదండి."

మనోహర్ చొక్కా జేబులోంచి ఒక కాగితం తీశాడు. చాలాసార్లు మడిచి విప్పిన కాగితం, మడతల దగ్గర నలిగి ఉంది. దాన్ని అధికారి ముందు పెట్టలేదు. భువనేశ్వరి ముందు పెట్టాడు.

ఆమె చదివింది.

"ఇద్దరు. నేను అమ్మ దగ్గర నేర్చుకున్నట్టే నేర్పుతున్నాను. అప్పుడు నాకూ అర్థం కాలేదు. బోర్డు మీది జవాబు ఎక్కించుకుని, దెబ్బలకి భయపడి కంఠస్థం చేశాను. ఎవరూ బోర్డు చెరిపి అడగలేదు. ఇప్పుడు ఎలా నేర్పాలో తెలియదు. నాగలక్ష్మిని అడగాలి."

కింద తేదీ లేదు. పేరు లేదు.

ఆమె అరచేయి కాగితం మీద ఉంది. ఎప్పుడు పెట్టిందో గుర్తులేదు.

"మేడం, ఇటివ్వండి," అన్నాడు అధికారి. గొంతులో ఇందాకటి తేలికదనం లేదు, కఠినత్వం కూడా లేదు. "ఆయనే ఒప్పుకుంటున్నారు కదా. దాని మీద కూడా మీ సంతకం పెట్టి, తేదీ వేసి, సీలు వేసి ఇవ్వండి. రికార్డులో కలుపుదాం. సీలు తెచ్చారు కదా?"

స్టాంపు ప్యాడు ఆమె వైపు జరిపాడు.

ఆమె మనోహర్ వైపు చూసింది.

"భువనా," అన్నాడతను.

ఇవ్వమనో, వద్దనో ఆ పిలుపులో తెలియలేదు. తెలియచెప్పడానికి పక్కన సుబ్బరత్నమ్మ లేదు.